ఒక్క మాట మీద ఉన్న ఊరు

పిట్టగుమ్మిలో ఓటు ఎవరికి వెయ్యాలో ఎన్నికల ముందే ఊరంతా కూర్చుని తేల్చుకునేది. ఊరి మొదట్లో, ఊరిని కాచే నిసాని దేవత రాళ్ళున్న చదును మీదికి ఇంటికొకరు వచ్చేవారు. సుక్రు తండ్రి నాయుడుగా ఉన్నప్పుడూ అంతే, తండ్రి పోయి సుక్రు నాయుడయ్యాకా అంతే. నాయుడంటే ప్రభుత్వం ఇచ్చిన పదవి కాదు. తగవులు తీర్చడం, పండగకి రోజు పెట్టడం, చావొస్తే నలుగుర్నీ కూడగట్టడం అతని పని. ఓటు కూడా ఆ పనుల్లో ఒకటి. అందరూ మాట్లాడాక నాయుడు ఒక గుర్తు పేరు చెప్పేవాడు. పోలింగు నాడు ఊరంతా కొండ దిగి, కింద పారే గెడ్డ దాటి, బూతుకి వెళ్ళి ఆ గుర్తు మీదే వేసి వచ్చేది.

చాలా ఏళ్ళుగా అది కావడి గుర్తు. కొండని తవ్వుకుపోవడానికి ఒక కంపెనీ వచ్చినప్పుడు కావడి పార్టీవాళ్ళు ఊరి పక్కన నిలబడ్డారు. సుక్రు అప్పుడు పడుచువాడు. విల్లమ్ములు పట్టుకుని లారీలకి అడ్డంగా పడుకున్నవాళ్ళలో అతనూ, అతని తమ్ముడూ, చెల్లెలు సోములమ్మ మొగుడు బుధూ ఉన్నారు. ఆ తోపులాటలో బుధు ఎడమ చెయ్యి విరిగి, వంకరగా అతుక్కుంది. కంపెనీ వెనక్కి పోయింది. అప్పట్నుంచి కావడి గుర్తుకి వెయ్యడమంటే కొండకి వెయ్యడమేనని ఊళ్ళో అనుకునేవారు.

ఇప్పుడు కంపెనీవాళ్ళు గెడ్డ మీదికి వచ్చారు. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టి, నీళ్ళు పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీస్తారట. పల్లపు పొలాల్లోనూ కాఫీ తోటల్లోనూ సర్వేవాళ్ళు రాళ్ళు పాతి వెళ్ళారు. అందులోనే ఎన్నికలొచ్చాయి. సుక్రుకి ఇందులో ఆలోచించాల్సింది ఏమీ కనిపించలేదు. ఊరు ఒక్క మాట మీద ఉంటే కంపెనీ ఒకసారి పోయింది, మళ్ళీ పోతుంది. ఆదివారం పొద్దున్న అందర్నీ చదును మీదికి రమ్మని కబురు పెట్టాడు.

ముసలివాళ్ళే వచ్చారు. చర్చి సంఘంలో చేరిన ఇళ్ళవాళ్ళు ప్రార్థనకి వెళ్ళారు. కుర్రాళ్ళు పాడేరులో మోటారు సైకిళ్ళ ర్యాలీ ఉందని వెళ్ళారు. అందరిలోకీ పెద్దదైన యర్రమ్మ చుట్ట పక్కన పెట్టి, చుట్టూ చూసింది.

"ఈలేనేటి వూరు?" అంది.

సుక్రు ఇల్లిల్లూ తిరగాలని అప్పుడే అనుకున్నాడు.

ముందు రవికుమార్ దగ్గరికి వెళ్ళాడు. రవికుమార్ చనిపోయిన తమ్ముడి కొడుకు. పురిట్లోనే తల్లి పోతే మేనత్త సోములమ్మ చంకనేసుకుని పెంచింది. పాడేరులో డిగ్రీ చదివి, ఇప్పుడు గంట గుర్తు పార్టీకి మండలంలో తిరుగుతున్నాడు. ఊరి కుర్రాళ్ళంతా అతని వెనకే.

"ఏట్రా రవీ, ఆదివారం రాలేదేటి?"

"వస్తే ఏటి చెప్తావు పెద్దయ్యా? కావడి గుర్తుకే వెయ్యమంటావు."

"గెడ్డ పోతంది రా."

రవికుమార్ పీట వేసి కూర్చోబెట్టాడు. గొంతు పెంచకుండానే మాట్లాడాడు. "కొండ కోసం మీరు పోరాడారు. కాదనను. మరి కొండ మీదున్న దేవతని సైతాను అన్నోళ్ళని ఒక్క మాట అన్నావా నువ్వు? విత్తనాల ముందొచ్చే ఇటుకల పండక్కి అందరిలాగే ధాన్యం ఇమ్మంటే సంఘపోళ్ళు ఇవ్వమన్నారు. నేను ప్రసాదం పట్టుకెళ్తే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. నా చిన్నప్పుడు నాతోపాటు తిన్నోళ్ళే అలా చేశారు. హాస్టల్లో మైదానం కుర్రోళ్ళు మాకసలు దేవుళ్ళే లేరని నవ్వేవోళ్ళు. ఇంటికొస్తే మనోళ్ళే సైతానంటన్నారు. నాకేటనిపించిందో ఎవులడిగారు? గంట పార్టీవోళ్ళు అడిగారు."

"గెడ్డనాపుతారా ఆలు?"

"ఆపరు. దేవతకి గుడి కడతామన్నారు. రాతి గుడి."

"నిసాని తల్లికి గుడేట్రా? ఆకాశం కింద ఉండే తల్లి."

"అందుకే అందరికీ లోకువైపోయింది."

సుక్రు ఆ మాటలో తప్పెక్కడుందో వెతికాడు గానీ దొరకలేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మతం మారినోళ్ళకి గిరిజన సర్టిఫికెట్లు తీసెయ్యాలని మీ పార్టీ అంటందంట. మీ అత్తకి కూడానా?"

రవికుమార్ ఫోను తీసి చూసుకున్నాడు. ఫోను మోగలేదు.

సోములమ్మ ఇల్లు ఊరికి ఆ కొసన ఉంది. సుక్రు వెళ్ళేసరికి ఆమె చోడి అంబలి కలుపుతోంది. అరుగు మీద మంచంలో బుధు దగ్గుతూ పడుకుని ఉన్నాడు. సోములమ్మ అన్నకి గిన్నెతో అంబలి ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వెందుకొచ్చావో తెల్సు అన్నియ్యా. గంప గుర్తుకెయ్యమని పాస్టరుగారు సెప్పీసారు. మా ఇల్లన్నీ దానికే ఏస్తాయి."

"గంపోళ్ళు గెడ్డ మాటెత్తారా?"

"ఎత్తలేదు. మేవూ అడగలేదు. ముందు మేం ఈ వూరోలమో కాదో తేలాల కదా. సర్టిఫికెట్టు పోతే రేపు నా మనవల్ని ఏ బళ్ళో ఏస్తారు?"

"పాస్టరు సెప్తే ఓటేస్తావా సోములూ?"

ఆమె నవ్వింది. ఆ నవ్వులో సరదా లేదు. "నువ్వు సెప్తే ఏసినాను కదా ఇన్నాళ్ళు. నువ్వేటి సేసినావు నాకు? ఈడి సెయ్యి ఇరిగింది వూరి కోసం. పని సెయ్యలేక తాగుడికి పడ్డాడు. తాగొచ్చి నన్ను గొడ్డుని బాదినట్టు బాదీవోడు. వూరంతా ఇన్నాది. ఒక్కరొచ్చారా? పంచాయితీ పెడితే, మొగుడూ పెళ్ళాల గొడవ, సర్దుకోమన్నావు. నాయుడివి నువ్వే అన్నావు. సంగమోలొచ్చి, ఈడి పక్కన కూకుని, ఏడ్చి, మాన్పించారు. నా మొగుణ్ణి నాకిచ్చినోలు ఆలు."

మంచం మీంచి బుధు తల ఎత్తాడు. "మరేటనుకోకు బావా. నాకు మటుకు మిషను కాడ పాత గుర్తే కళ్ళల్లో ఆడతాది," అన్నాడు.

"నువ్వూరుకో," అంది సోములమ్మ. దుప్పటి అతని గుండెల మీదికి లాగింది.

సుక్రు అంబలి తాగి గిన్నె కడిగి ఇచ్చాడు. దారిలో అతనికి కోపం రాలేదు. సోములమ్మ పంచాయితీలో నిలబడి ఏడ్చిన రోజు కళ్ళకి కట్టింది. ఆ రోజు అతనికి ఆ తగవు చాలా చిన్నదిగా కనిపించింది. వెంటనే చెప్పి పంపేశాడు కూడా.

ఇక మిగిలింది పార్టీ. సుక్రు జీపెక్కి పాడేరు వెళ్ళాడు. అక్కడ కావడి పార్టీ ఆఫీసులో లక్ష్మీప్రసాద్ ఉంటాడు. అతను మైదానంలో రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. కంపెనీ గొడవల రోజుల్లో ఒట్టికాళ్ళతో కొండెక్కి, సుక్రు ఇంట్లో పడుకుని, వాళ్ళు తిన్నదే తిన్నాడు. ఇప్పుడు జుట్టు నెరిసింది, ఒళ్ళొచ్చింది. సుక్రుని చూడగానే లేచి వచ్చి కౌగిలించుకున్నాడు. ఆ ఆప్యాయతలో నటన లేదు. హోటల్ నుంచి భోజనం తెప్పించి, దగ్గర కూర్చుని తినిపించాడు.

"గెడ్డ మీద ప్రాజెక్టు వద్దని మన పార్టీ చేత ఒక్క మాట అనిపించండి బాబూ. ఆ మాటొక్కటుంటే నేను వూరిని మళ్ళీ కూడగడతాను."

లక్ష్మీప్రసాద్ గ్లాసులో నీళ్ళు పోశాడు. "నాయుడూ, వద్దంటున్న పార్టీ ఒక్కటి చూపించు. గంట వాళ్ళు అనరు. గంప వాళ్ళు అనరు. మేమూ అనం."

"మీరు ఆవేళ అన్నారు కదా."

"ఆవేళ మీరు అడిగారు. ఊళ్ళకి ఊళ్ళు వచ్చి రోడ్డు మీద కూర్చున్నాయి. ఇప్పుడు నేను ఊరూరా మనుషుల్ని పంపి అడిగించాను. ఒకచోట గుడి కావాలన్నారు, ఒకచోట చర్చికి ప్రహరీ కావాలన్నారు. కుర్రాళ్ళు సెల్ టవరు కావాలన్నారు. పక్క మతంవాణ్ణి ఏం చేస్తారో చెప్పమన్నారు. గెడ్డ సంగతి ఎత్తినవాళ్ళు నీలాంటి పెద్దోళ్ళే. జనం అడగంది నేను మోస్తే నా డిపాజిట్టు కూడా మిగలదు."

"అడగందాన్ని సెప్పడానికే కదా అప్పుడు మీరు మా కొండెక్కింది. కంపెనీ ఏటో మాకేటి తెల్సు? మీరే సెప్పారు."

లక్ష్మీప్రసాద్ ముఖం ఒక్క క్షణం పాత లక్ష్మీప్రసాద్ ముఖంలా అయింది. తర్వాత భుజం మీది కండువా సర్దుకున్నాడు. "నాకప్పుడు ముప్ఫై ఏళ్ళు లేవు సుక్రూ," అన్నాడు. వెళ్ళేటప్పుడు జీపు దాకా వచ్చి సాగనంపాడు.

పోలింగు రోజు ఊరికి మూడు జీపులొచ్చాయి. మూడు పార్టీలవి. ఎవరి జీపులో వాళ్ళు ఎక్కారు. సుక్రు ఏ జీపూ ఎక్కలేదు. కూతురు బేబి అతనితో నడిచింది. బేబి నర్సు కోర్సు చదివి, ఉద్యోగం లేక ఇంటి దగ్గరే ఉంటోంది.

గెడ్డ దాటాక ఆమె అడిగింది. "అయ్యా, ఎవులికెయ్యాలో ఈసారి చెప్పలేదు నువ్వు."

"నాకే తెలీదే."

"నేను మొదటిసారి ఓటేసినప్పుడు ఎవులికేస్తావని నువ్వడగలేదు. ఇదిగో ఈ గుర్తు అని చెప్పావు. నేను ఎందుకని అడిగితే ఆడ గుంటలకి ఇవన్నీ ఎందుకన్నావు."

"తప్పేనేటి? కొండ నిలిచింది కదే."

"నిలిచింది. నాకూ కొండ కావాలి. అడిగుంటే నేనూ అదే చెప్పేదాన్ని. అడగలేదని బాధ." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది. "రవి దగ్గరికి కుర్రాళ్ళు ఊరికే పోలేదయ్యా. అత్త సంఘంలోకి ఊరికే పోలేదు. అక్కడ వాళ్ళని ఎవులో ఒకళ్ళు నీకేటి కావాలని అడిగారు."

సుక్రు చేతికర్ర మీద బరువేసి నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. కూతురు ఇంత మాట్లాడగలదని అతనికి తెలియదు.

బూతు దగ్గర పిట్టగుమ్మి మనుషులు మూడు చోట్ల నిలబడి ఉన్నారు. సోములమ్మ బుధుని చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. రవికుమార్ వాళ్ళని చూసి అటు తిరిగిపోయాడు. లోపల సుక్రు మిషను ముందు చాలాసేపు నిలబడ్డాడు. గుర్తులన్నీ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. తన ఓటు అందుకునేవాడు అందులో ఒక్కడూ లేడని అతనికి తెలుసు.

"బేగి నొక్కు తాతా, వెనకాల జనం ఉన్నారు," అని అధికారి కేకేశాడు.

చెయ్యి దానంతటదే కావడి గుర్తు మీదికి వెళ్ళింది. బయటికొచ్చాక బేబి ఏమీ అడగలేదు. ఆమె ఎవరికి వేసిందో అతనూ అడగలేదు.

కావడి గుర్తే గెలిచింది. కొద్దిలో గంట గుర్తు ఓడిపోయింది. సంఘం ఓట్లు గంపకి పోకుండా ఉంటే మనమే గెలిచేవాళ్ళమని గంట పార్టీ మీటింగులో ఎవరో అన్నారు. ఆ మాట ఊళ్ళోకొచ్చాక ఇంకా పెద్దదైంది. మంచినీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళు కూడా వేరువేరు వేళలకి రావడం మొదలుపెట్టారు.

వానాకాలంలో ఒక పొద్దున్న బుధు చనిపోయాడు. ఊళ్ళో ఎవరు పోయినా ఆ రోజు ఎవరూ పొలానికి వెళ్ళరు. ఈసారి సగం ఊరు పొలానికి వెళ్ళింది. పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. సంఘంవాళ్ళు పాడె ఎత్తారు. సుక్రు ముందు భుజం పట్టాడు.

వల్లకాటి దారిలో కుర్రాళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నారు. ముందు రవికుమార్. వానకి అందరూ తడిసిపోయారు.

"మన పద్ధతిలో అయితే గొయ్యి మేమే తీస్తాం పెద్దయ్యా. మావకి చెయ్యాల్సినదంతా నేనే చేస్తాను. పాస్టరు లోపలికి రాకూడదు. సిలువ పాతకూడదు. ఇది మన పెద్దల చోటు."

"ఆడు అలా కోరుకోలేదు," అంది సోములమ్మ. "సంగం పద్ధతే కావాలన్నాడు. పోయీముందు నన్ను రెండుసార్లు అడిగి సెప్పించుకున్నాడు."

"నాయుడిగా సెప్తన్నాను, తప్పుకోండి," అన్నాడు సుక్రు.

ఎవరూ కదల్లేదు. రవికుమార్ అతనికి మాత్రమే వినిపించేలా అన్నాడు. "పెద్దయ్యా, ఇప్పుడు నువ్వు ఏ వూరికి నాయుడివి?"

బేబి ముందుకొచ్చింది. "ఈ మనిషి చెయ్యెలా విరిగిందో తెల్సా రవీ నీకు? నిన్ను ఏ చేత్తో ఎత్తుకున్నాడో తెల్సా?"

"తెల్సు," అన్నాడు రవికుమార్. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాడె వైపు చూడలేకపోయాడు. అయినా అక్కడ్నించి కదల్లేదు. అతను కదిలితే వెనకున్నవాళ్ళు కదలరని, ఆ తర్వాత తన మాట వాళ్ళు వినరని అతనికి తెలుసు.

కావడి గుర్తుకి ఓటేసిన ముసలివాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు. అటూ రాలేదు, ఇటూ రాలేదు. బేబి లక్ష్మీప్రసాద్‌కి ఫోను చేసి తండ్రికిచ్చింది. అవతలి గొంతు చాలా జాలిగా ఉంది. "ఇది మతం విషయం నాయుడూ. ఇందులో నేను వేలు పెడితే రెండు వైపులా ఓట్లు పోతాయి. మీలో మీరు సర్దుకోండి."

సుక్రు ఒకప్పుడు చెల్లెలికి చెప్పిన మాటే అది.

పాడెని వెనక్కి తిప్పారు. పొంగుతున్న గెడ్డని తాళ్ళు పట్టుకుని దాటి, అవతలి ఊళ్ళో చర్చి వెనకున్న చోటికి మోసుకెళ్ళారు. అక్కడ బుధుకి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. సుక్రు దారంతా భుజం మార్చలేదు. మట్టి కప్పాక సోములమ్మ ఏడవలేదు. తిరిగి వస్తూ అన్న కంటే ముందు నడిచింది.

చలి మొదలయ్యాక ప్రాజెక్టు కోసం గ్రామసభ పెట్టారు. స్కూలు ముందు షామియానా వేశారు. ఊరివాళ్ళు వచ్చి ఎవరి జట్టు వాళ్ళు వేరుగా కూర్చున్నారు. అధికారి మర్యాదస్తుడు. మ్యాపు గోడకి తగిలించి, ఏ పొలాలు పోతాయో, ఇళ్ళు ఎక్కడ కట్టిస్తారో ఓపికగా చెప్పాడు. గుడికి స్థలం ఇస్తామన్నాడు. చర్చికి కూడా వేరే స్థలం ఇస్తామన్నాడు.

సుక్రు లేచి మాట్లాడాడు. గెడ్డ పోతే చోడి చేను పోతుందన్నాడు, కాఫీకి నీడ పోతుందన్నాడు. కొత్తచోట ఎవరి పక్కన ఎవరుంటారో ఎవరికీ తెలియదన్నాడు. అధికారి అంతా విని, "మీ మాట రాసుకుంటాం. మీతోపాటు వద్దనేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు.

బేబి ఎత్తింది. యర్రమ్మ ఎత్తింది. ముసలివాళ్ళలో ఇంకొందరు ఎత్తి, కుర్రాళ్ళ వైపు చూసి దించుకున్నారు. రవికుమార్ తల వంచుకుని గడ్డి పరక తుంచుతున్నాడు. అతని చెయ్యి పైకి లేవలేదు.

సుక్రు చెల్లెలి వైపు చూశాడు. సోములమ్మ పొలం పల్లంలో ఉంది. అది మొత్తం పోతుంది. ఆమె నెమ్మదిగా లేచి అధికారిని అడిగింది.

"బాబూ, వల్లకాడు కూడా ములుగుతాదా?"

అధికారి మ్యాపు చూశాడు. "మునుగుతుందమ్మా."

"అయితే కట్టీండి," అని కూర్చుంది.

అధికారి పక్కన కూర్చున్న గుమస్తా రాసుకున్నాడు. మధ్యాహ్నానికి షామియానా విప్పేశారు. మెజారిటీ ఒప్పుకున్నట్టు తీర్మానం అయింది.

నాయుడి పని ఇంకెవరికైనా ఇచ్చుకోమని సుక్రు ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు. తీసుకుంటానని ఎవరూ రాలేదు. వద్దనీ ఎవరూ అనలేదు. ఆ ఏడు ఇటుకల పండగకి రవికుమార్ వాళ్ళే రోజు పెట్టుకున్నారు. మైకు తెచ్చారు. సంఘంవాళ్ళ ఇళ్ళు ఆ రోజు తలుపులు వేసి ఉన్నాయి.

పండగ వెళ్ళాక బేబికి విశాఖలో ఒక ఆసుపత్రిలో పని దొరికింది. సుక్రు ఆమె సంచీ మోసుకుని జీపు ఆగే చోటికి వచ్చాడు. కింద పల్లంలో పొక్లెయిన్లు మట్టి తీస్తున్నాయి. ఆ చప్పుడు కొండకి కొట్టుకుని రెండింతలై వినిపిస్తోంది.

"నాతో వచ్చియ్యి అయ్యా. ఇక్కడేటి చేస్తావు?"

"అక్కడికొచ్చి ఎవులితో మాటాడతాను?"

"ఇక్కడెవులితో మాటాడతన్నావు?"

సుక్రు జవాబు కోసం చూస్తున్నట్టు ఊరి వైపు చూశాడు. ఇళ్ళ కప్పుల మీద మూడు పార్టీల జెండాలున్నాయి. ఎన్నికలు అయిపోయినా ఎవరూ తియ్యలేదు. జీపు వచ్చింది. బేబి ఎక్కింది. అతను కిందే నిలబడి సంచీ అందించాడు. డ్రైవరు హారను కొట్టి, దుమ్ము లేపుకుంటూ మలుపు తిప్పాడు.